టర్కీ కోడిని ముక్కలు చేశాకే వండుదాం

మొన్న డాలస్ నుంచి తమ్ముడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ఒకే బరువున్న ఐదు టర్కీ కోళ్లను ఐదు రకాలుగా వండి చూపించారు అందులో. ఒకటి మామూలుగా ఓవెన్‌లో. ఇంకొకటి వెన్నెముక కోసేసి, పుస్తకం తెరిచినట్టు పరిచి. ఒకటి పెద్ద డేగిశాలో నూనె కాచి అందులో ముంచి. ఒకటి కట్టెల పొగ మీద. ఒకటి ప్లాస్టిక్ సంచిలో బిగించి గంటల తరబడి వేడి నీళ్లలో ఉంచి. చివర్లో నలుగురు కూర్చుని తిని మార్కులు వేశారు. నూనెలో వేగిన కోడికి మొదటి స్థానం వచ్చింది. కింద తమ్ముడు రాశాడు: "అక్కా, ఈసారి క్రిస్మస్‌కి మేమూ వస్తున్నాం. ఈ ఐదింట్లో ఏదో ఒకటి తేల్చి పెట్టు."

రెండుసార్లు చూశాను. చక్కగా చేశారు, కష్టపడ్డారు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి నుంచి చివరి దాకా ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ కోడి వయసెంత?

మా గుంటూరు కొత్తపేట చికెన్ కొట్టు అతను మాత్రం అన్నిటికన్నా ముందు చెప్పేది అదే. పోయినేడు డిసెంబరులో పుంజును బుట్టలోంచి తీస్తూ, "ఇది ఏడాది దాటిందమ్మా. కూర చేసుకోండి, కాల్చమాకండి" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న తెలివి ఆ వీడియో మొత్తంలో నాకు కనిపించలేదు. 2018 నుంచి దాదాపు ప్రతి క్రిస్మస్‌కి ఈ కోడితో తంటాలు పడుతున్నాను కాబట్టి ఇది ఊరికే అనడం లేదు.

నా అభిప్రాయం ఇది: గుంటూరులో దొరికే టర్కీ కోడిని మొత్తంగా, ఒకే పాత్రలో, ఒకే పద్ధతిలో వండకూడదు. కాళ్లూ తొడలూ వేరు చేసి తడి వంట చేయాలి. రొమ్ము భాగాన్ని విడిగా, తక్కువ సేపు, పొడి వేడి మీద చేయాలి. ఏ పద్ధతి గొప్పది అన్న ప్రశ్న ఆ తర్వాతది. దీనికి ఎదురు చెప్పేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. వాళ్ల మాటల్లో బలం ఉంది కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అక్కడి కోడి, ఇక్కడి కోడి

2022 నవంబరులో తమ్ముడి దగ్గరికి వెళ్లాను. టర్కీ వండుకునే అమెరికా పండగ థ్యాంక్స్‌గివింగ్ రోజు మరదలు వండింది. ముందు రోజే వెన్నెముక తీసి, కోడిని పరిచి, ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు 220 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర. తోలు కరకరలాడింది, రొమ్ము మాంసం నీరు కారుతూ మెత్తగా వచ్చింది, తొడ కూడా ఉడికింది. నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను. అంతకు ముందు నాలుగేళ్లు ఇంట్లో నేను చేసినదేదీ దాని దరిదాపుల్లో లేదు. ఆ రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

తర్వాత అర్థమైంది. వాళ్లకు అక్కడ దొరికే కోడి ఫారంలో పుట్టి, కదలకుండా మేత తిని, ఆడదైతే సుమారు 14 వారాలకు, మగదైతే 18 నుంచి 20 వారాలకు కోతకు వచ్చేస్తుంది. రొమ్ము పెద్దగా, వెడల్పుగా పెరిగేలా తరాల తరబడి ఎంచి పెంచిన జాతి అది. గడ్డకట్టించి అమ్మేవాటిలో చాలావాటికి ముందే ఉప్పు నీళ్లు ఎక్కించి ఉంటారు, కవరు మీద రాసి ఉంటుంది కూడా. అంటే వంట మొదలు కాకముందే సగం పని అయిపోయింది. అంత లేత మాంసం ఎలా వండినా వండినట్టే వస్తుంది. ఐదు పద్ధతుల మధ్య అంత చిన్న తేడాలు వాళ్లు పట్టుకోగలిగారంటే, కోడి అలాంటిది కాబట్టే.

మన దగ్గర దొరికేది వేరు. పల్లెల్లో పెరట్లో, మామిడి తోటల్లో తిప్పి పెంచుతారు. అది నడుస్తుంది, పరిగెడుతుంది, గోడలెక్కుతుంది, గింజలు ఏరుకుంటుంది. పండగకు మంచి ధర వస్తుందని ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర ఉంచుతారు. ఎంత నడిస్తే కాళ్ల కండ అంత ముదురుతుంది. కండల్ని కలిపి పట్టుకునే కొలాజెన్ వయసుతో పాటు గట్టిపడుతుంది. అది కరిగి జెల్లీలాంటి మెత్తని జెలటిన్ కావాలంటే 70 డిగ్రీలు దాటిన వేడిలో, తడిలో, చాలాసేపు ఉండాలి. ముదురు కోడికైతే గంటలే పడుతుంది. నాటుకోడి వండే ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. బ్రాయిలర్‌కు పట్టే సమయంలో నాటుకోడి ఉడకదని మనకెవరూ చెప్పక్కర్లేదు. టర్కీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమెరికా వీడియో చూసి, ఇంట్లో ఉన్న తెలివిని పక్కన పెట్టేస్తున్నాం.

కాలి కింది భాగం గురించి కూడా చెప్పాలి. టర్కీ కాలిలో కండను ఎముకకు పట్టి ఉంచే నరాలు ఎముకల్లా గట్టిపడి, సన్నని పుల్లల్లా ఉంటాయి. మొదటి ఏడాది మా చిన్నాడి నోట్లో గుచ్చుకుంటే ఎముక ముక్క అనుకుని భయపడ్డాను. కాల్చిన కాలిని అలాగే కొరికి తినబోతే ప్రతి ముద్దకీ అవి అడ్డం పడతాయి. పులుసులో బాగా ఉడికిన కాలి నుంచి మాత్రం వాటిని వేళ్లతో లాగేస్తే వచ్చేస్తాయి.

నా వంటింట్లో జరిగినవి

2018లో మొదటిసారి. మూడున్నర కేజీల పెట్ట, మా 40 లీటర్ల ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్. కోడిని పెట్టాక పైన కడ్డీకి, తోలుకి మధ్య రెండు వేళ్ల సందు మాత్రం మిగిలింది. 180 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచాను. పైన ముందే మాడడం మొదలైందని రేకు కప్పాను. బల్ల మీద కోసేసరికి తొడ కీలు దగ్గర ఎర్రగా ఉంది. ఎరుపు ఉంటే పచ్చి అని ఖాయంగా చెప్పలేం, ఉడికిన మాంసంలో కూడా ఎముక దగ్గర ఎరుపు ఉండొచ్చు. కానీ అప్పుడు నా దగ్గర థర్మామీటర్ లేదు, ఇంట్లో పిల్లలున్నారు. మళ్లీ లోపల పెట్టి నలభై నిమిషాలు ఉంచాను. తొడ ఉడికింది. రొమ్ము దూదిలా అయిపోయింది. పిల్లలు నమిలి నమిలి, మింగలేక పళ్లెం అంచున పెట్టేశారు. మా ఆయన ఏమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నాడు.

ఆ రోజు నాకు పట్టుకున్న బాధ వంట చెడినందుకు కాదు. పొద్దున్న దాకా తల ఆడిస్తూ తిరిగిన ప్రాణిని మన పండగ కోసం తెచ్చుకున్నాం. దాన్ని తినలేని ముద్దగా చేసి పడేశాం. అది తప్పు అని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి ఏడాది ఓవెన్ చిన్నదవడమే కారణం అనుకుని, తెలిసినవాళ్ల ద్వారా ఒక బేకరీ బట్టీలో పెట్టించాను. సాయంత్రం రొట్టెలు తీసేశాక మిగిలే వేడిలో కాల్చుతామన్నారు. ఐదు కేజీల పైచిలుకు పుంజు. రాత్రి తొమ్మిదింటికి తెచ్చుకున్నాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఫొటోలు తీశాం, అమెరికా పంపాం. కొరికితే మాత్రం తొడ రబ్బరులా సాగింది. ఈసారి పచ్చి కాదు, థర్మామీటర్ కొన్నాను, 85 చూపించింది. ఉడికింది, కానీ మెత్తబడలేదు. ఉడకడం వేరు, మెత్తబడడం వేరు అని ఆ రాత్రి తెలిసింది. ఉడకడానికి వేడి చాలు. ముదురు మాంసం మెత్తబడాలంటే వేడితో పాటు తడి కావాలి, కాలం కావాలి.

కాబట్టి ఆ తర్వాత కుక్కర్. 2021లో అమ్మ పోరు పడలేక మొత్తం కోడిని ముక్కలు కొట్టించాను. మూడు విడతలుగా ఐదు లీటర్ల కుక్కర్లో, మసాలాతో. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి అరగంట. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి మామూలు గిన్నెలో రెండున్నర గంటల పని అరగంటలో అయిపోయింది. కాళ్లు, తొడలు, మెడ, కందనకాయ అద్భుతం. చారు చల్లారాక జెల్లీలా గడ్డకట్టింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ అదే గిన్నెలో రొమ్ము ముక్కలు పోగులు పోగులుగా విడిపోయి, పళ్ల సందుల్లో ఇరుక్కునే పీచయ్యాయి. పులుసు చుట్టూ ఉన్నా లోపల నీరు లేదు. రొమ్ము మాంసం 65 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి నీళ్లు వదలడం మొదలెడుతుంది. ఇక 120కి తీసుకెళ్లాక చుట్టూ ఎన్ని నీళ్లుంటే ఏం లాభం?

అంటే ఓవెన్‌లో రొమ్ముకు న్యాయం చేస్తే తొడ చెడుతోంది. కుక్కర్లో తొడకు న్యాయం చేస్తే రొమ్ము చెడుతోంది. మూడేళ్లు ఇది పద్ధతుల మధ్య పోటీ అనుకున్నాను. పోటీ నిజానికి ఒకే కోడిలో ఉన్న రెండు మాంసాల మధ్య. నడిచే కండ ఒకటి, ఎప్పుడో గాని పని చేయని కండ ఇంకొకటి. బజ్జీకి, అన్నానికి ఒకే మంట, ఒకే గిన్నె వాడం కదా.

నూనె మాట

వీడియోలో గెలిచింది నూనె వేపుడు కాబట్టి దాని గురించి చెప్పాలి. ఐదు కేజీల కోడి మునగాలంటే పది, పన్నెండు లీటర్ల నూనె కావాలి. 175 డిగ్రీల దగ్గర కేజీకి ఏడెనిమిది నిమిషాల లెక్కన నలభై నిమిషాల్లో అయిపోతుంది. తోలు గాజులా వస్తుందట, నమ్ముతాను. కానీ గారెల పిండిలో నీళ్లు ఎక్కువైతే నూనె ఎలా చిందుతుందో మనకు తెలుసు. లోపల మంచు కరగని ఐదు కేజీల కోడిని పన్నెండు లీటర్ల మరిగే నూనెలో దించితే ఏమవుతుందో ఆలోచించండి. నూనె పొంగి పొయ్యి మీద పడుతుంది, పొయ్యి మీద మంట ఉంటుంది. ప్రతి థ్యాంక్స్‌గివింగ్‌కీ అమెరికా అగ్నిమాపక శాఖలు దీని గురించి హెచ్చరిస్తూనే ఉంటాయి. అక్కడ దీన్ని ఇంటి బయట, ఖాళీ స్థలంలో చేయమంటారు. బ్రాడీపేటలో మా మూడో అంతస్తు బాల్కనీలో, పక్కింటివాళ్ల బట్టలు ఆరేసిన చోట, ఆ పని చేయను. ఎవరినీ చేయనివ్వను.

రొమ్ము ముక్కల్ని చిన్నగా కోసి, మిరియాలు, కరివేపాకుతో వేపుడు చేయడం వేరే సంగతి. అది మంచి వంట. పదే పది నిమిషాలు.

పొగ మీద వండడం, సంచిలో పెట్టి నీళ్లలో వండడం నేను చేయలేదు కాబట్టి వాటి గురించి మాట్లాడను. ఇంత మాత్రం చెప్పగలను. ఆ నీళ్ల పద్ధతి బాగా చేసేవాళ్లు కూడా కాలునీ రొమ్మునీ వేర్వేరు సంచుల్లో, వేర్వేరు వేడి దగ్గర పెడతారు. నేను చెప్పేదీ అదే.

ఉప్పు, పెరుగు

ఇక్కడ నా అలవాటును నేనే మార్చుకోవలసి వచ్చింది. మనం కోడి అనగానే పెరుగు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, కారం పట్టించి నానబెడతాం. నేనూ రాత్రంతా నానబెట్టాను, రెండు రాత్రులు కూడా. ముక్క కోసి చూస్తే మసాలా రంగు పైన ఒక పొరలోనే ఆగింది. పులుపు ఎక్కువసేపు ఉంటే పై పొర పిండిలా అవుతుంది, లోపలికి మాత్రం పోదు. లోపలికి పోయేది ఉప్పు. మాంసంలోని కొన్ని ప్రోటీన్లను అది కరిగించి, వేడి తగిలినా నీరు పట్టుకుని ఉండేలా చేస్తుంది. కేజీకి పది గ్రాముల ఉప్పు, అంటే రెండు చెంచాలకు కొంచెం తక్కువ, రొమ్ము భాగానికి తోలు కింద చేయి పెట్టి రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే చాలు. మూత లేకపోతే తోలు ఆరుతుంది, ఆరిన తోలే ఎర్రగా కాలుతుంది.

అమ్మ దీనికి ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. "పసుపూ కారం లేకుండా ఉప్పొక్కటే రాసి పడేస్తే నీచు వాసన రాదా?" అనేది. రాదు. కాల్చే ముందు వెన్నలో దంచిన మిరియాలు, వెల్లుల్లి, కొంచెం గుంటూరు మిరప కలిపి తోలు కింద పెడితే వాసనకు వాసన, రుచికి రుచి. ఇది తిన్నాక అమ్మ నోటితో ఒప్పుకోలేదు గానీ, మరుసటి రోజు చల్లారిన ముక్కల్ని బ్రెడ్డులో పెట్టుకుని తింటుంటే చూశాను.

తోలు మాట వచ్చింది కాబట్టి, కొట్టు అతనికి ముందే చెప్పాలి. మన దగ్గర అలవాటుగా తోలు ఊడదీసేస్తారు. చెప్పకపోతే చేయి ఆగేలోపు తోలు లేకుండా పోతుంది.

తమ్ముడి ప్రశ్న

తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. శ్రద్ధగా విని, "అంతా నిజమే అక్కా. కానీ నువ్వు చెప్పేది వంట, నేనడిగేది పండగ" అన్నాడు. మొత్తం కోడి పళ్లెంలో బల్ల మధ్యకు వచ్చినప్పుడు అందరూ చేస్తున్న పని ఆపి చూస్తారు, పెద్దవాళ్లు ప్రార్థన చేస్తారు, ఎవరో ఒకరు కోసి పంచుతారు, ఆ పంచడంలో ఒక కుటుంబం ఉంది అన్నాడు. ముక్కలు చేసి గిన్నెలో పోస్తే అది ఆదివారం కూరే కదా అన్నాడు.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే డాలస్‌లో ఆ బల్ల దగ్గర నాకూ కళ్లు చెమర్చాయి. మాంసం ఎలా ఉందన్నదానికన్నా ముందు, ఆ కోడి వచ్చి కూర్చోగానే పిల్లలు చేసిన చప్పుడు నాకింకా గుర్తుంది. దాన్ని ఊరికే ఫొటో కోసం అని కొట్టిపారేయలేను.

ఇంకో అనుమానం కూడా నన్ను తొలిచింది. నా ఓవెన్ చిన్నది కాబట్టి, నాకు చేతకాలేదు కాబట్టి, దాన్ని సిద్ధాంతం చేసుకున్నానా? రేపు ఎవరైనా 14 వారాల లేత కోడిని గుంటూరులో అమ్మితే నేను మాట మార్చనా? మారుస్తాను. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ టర్కీ జాతుల మీద పని చేసింది, రొమ్ము వెడల్పుగా ఉండే తెల్ల రకాన్ని విరాట్ అన్న పేరుతో ఇచ్చింది. అలాంటి కోడి లేత వయసులో, తోలుతో, మా వీధి కొట్టుకు వచ్చిన రోజున నేనే వెన్నెముక తీసి పరిచి కాల్చుతాను. ఇప్పటికి నా చేతికి వచ్చేది తోటల్లో తిరిగిన పుంజు. వాదన దాని గురించే.

హైదరాబాద్ నుంచి గడ్డకట్టించిన కోడి తెప్పించుకోవచ్చు కదా అని మరదలు అంది. తెప్పించుకోవచ్చు. కానీ మన ఊరి పక్క రైతు ఏడాది పాటు పెంచిన కోడి రుచి దానికి లేదు. ఇది నా నాలుకకు తెలుసు. ముదురు మాంసంలో ఉన్న ఆ చిక్కని రుచి కోసమే కదా సంక్రాంతికి బ్రాయిలర్ వదిలేసి నాటుకోడి వెతుక్కుంటాం.

మిషన్ బంగళా

ఎదురు చెప్పే రెండోమనిషి అమ్మ. ఆవిడ వాదన వేరు. "మా తాత మొత్తం కోడిని వండేవాడే. చెడిపోయిందని ఎవరూ అనలేదు."

అమ్మ వాళ్ల తాత అమెరికా మిషనరీలు ఉండే మిషన్ బంగళాలో వంట చేసేవాడు. 1842లో లూథరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊరికి అమెరికా లూథరన్ల రాకపోకలు ఎలా ఉన్నాయో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్లు చదువు, ఆసుపత్రి తెచ్చినట్టే నవంబరు ఆఖర్లో టర్కీ తినే అలవాటూ తెచ్చుకున్నారు. అమ్మ చిన్నప్పుడు టర్కీని దొరల కోడి అనేవాళ్లట. మెక్సికో నుంచి ప్రపంచం తిరిగిన ఈ కోడి ఆ దొరలకన్నా ముందే మన దేశానికి వచ్చింది. 1612లో మొగలు పాదుషా జహంగీర్ కొలువులోని ముఖర్రబ్ ఖాన్ గోవాలో కొని తెస్తే, జహంగీర్ అబ్బురపడి ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఈ సంగతి చెబితే అమ్మ, "అయితే ఆ పాదుషా ఎలా వండించాడో కనుక్కో" అంది.

తాత దగ్గర ఓవెన్ లేదు. ఆయన ఎలా వండాడో అడిగాను, ఒక్కసారి కాదు, విడివిడిగా మూడు నాలుగు సార్లు. గుర్తు తెచ్చుకుని చెప్పింది. పెద్ద రాగి డేగిశాలో నీళ్లు, ఉల్లిపాయలు, మిరియాలు, బిరియానీ ఆకు వేసి కోడిని సన్న సెగ మీద పొద్దున్నుంచి ఉడకనిచ్చేవాడు. మెత్తబడ్డాక బయటికి తీసి, ఆరబెట్టి, వెన్న రాసి, ఖాళీ డేగిశాలో పెట్టి, కిందా నిప్పులు, మూత మీదా నిప్పులు. పైన ఎర్రబడేదాకా. ఉడికిన నీళ్లతోనే గ్రేవీ.

విని నేను కొంచెం తగ్గాను. ఇది నా వాదనకు గట్టి జవాబే. ముందు తడి, తర్వాత పొడి. మొత్తం కోడే, పైగా ముదురు కోడే. పోయినేడాది ఒక చిన్న పెట్టతో నేనూ చేసి చూశాను, నిప్పుల బదులు చివర్లో ఓటీజీలో. తొడలు బాగా వచ్చాయి. రొమ్ము కుక్కర్లో అంత చెడలేదు గానీ, గ్రేవీ పోసుకోకుండా మింగడం కష్టమే. తోలు ఉడికి చిరిగిపోయింది. బాగుంది అనొచ్చు. విడిగా వండిన రొమ్ముతో పోల్చితే బాగుందని అనలేను.

అప్పుడు అమ్మనే అడిగాను. "దొరలు తిన్నాక ఏం మిగిలేది?"

"కాళ్లు" అంది వెంటనే. "రొమ్ము పలకలు పలకలుగా కోసుకుని తినేవాళ్లు. కాళ్లు, మెడ, రెక్కలు వెనక్కి వచ్చేవి. తాత అవి ఇంటికి తెచ్చేవాడు. అమ్మమ్మ చింతపండు పోసి పులుసు పెట్టేది. మాకు క్రిస్మస్ ముందే వచ్చినట్టు ఉండేది."

ఇన్నేళ్లలో ఈ మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగాక చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ పులుసు ఎలా ఉండేదని అడిగితే, చింతపండు తక్కువ, ధనియాలు ఎక్కువ, గసగసాలూ కొబ్బరీ నూరి పోసేదని చెప్పింది. నేను ఇప్పుడు చేసేది దాదాపు అదే.

ఈసారి ఎలా

కొట్టు అతనికి చెప్పేశాను. ఆరేడు కేజీల పుంజు, తోలు ఉంచాలి, ఈకలు పీకాక మంట మీద కాల్చి ఇవ్వాలి. తొడ కీలు దగ్గర రెండు కాళ్లూ విడదీయాలి, కాలినీ తొడనీ మళ్లీ రెండుగా. రెక్కలు, మెడ, వెన్నెముక వేరు. రొమ్ము మాత్రం ఎముకతో, తోలుతో ఒకే ముక్కగా.

కాళ్లూ తొడలూ 23వ తేదీనే పులుసు. వెడల్పాటి గిన్నెలో ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి వేగాక ముక్కలు వేసి, రంగు మారాక నీళ్లు పోసి, సన్న సెగ మీద రెండున్నర గంటలు. చింతపండు చివర్లోనే. చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి రుచి పెరుగుతుంది. పండగ రోజు గారెలతో వేడి చేసి పెడితే చాలు. వెన్నెముక, రెక్కలతో చారు కాచి ఉంచుతాను, పులావ్‌కి నీళ్ల బదులు అదే.

రొమ్ము భాగం 24న ఉప్పుతో ఫ్రిజ్‌లో. 25న చర్చి నుంచి వచ్చాక 160 డిగ్రీల ఓటీజీలో. గంట దాటిన దగ్గర్నుంచి థర్మామీటర్ గుచ్చి చూస్తూ ఉండాలి. దళసరి చోట 70 చూపించగానే బయటికి తీసి రేకు వదులుగా కప్పి ఇరవై నిమిషాలు ముట్టుకోకూడదు. బయట ఉన్నా లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. కోసే ముందు మళ్లీ గుచ్చి 74 దాటిందో లేదో చూడాలి, దాటకపోతే మళ్లీ లోపల పెట్టాలి. ఆ సంఖ్య దగ్గర పిల్లలకు పెట్టడానికి నాకు టెన్షన్ ఉండదు. ఎముక నుంచి పూర్తిగా విడదీసి, పోగుకు అడ్డంగా కోయాలి. నిలువుగా కోస్తే ఎంత బాగా వండినా పీచులాగే ఉంటుంది.

తమ్ముడితో ఒక ఒప్పందం కుదిరింది. రొమ్ము కోయకుండానే, ఎముకతోనే, తోలు ఎర్రగా మెరుస్తుండగా పెద్ద పళ్లెంలో బల్ల మధ్యకు తెస్తాను. ప్రార్థన అయ్యాక వాడే కోస్తాడు. పక్కనే అమ్మ చేతిమీదుగా పులుసు గిన్నె వస్తుంది. కాళ్లు లేని కోడిని ఫొటో తీస్తే బాగుండదని వాడింకా గొణుగుతున్నాడు. చుట్టూ ఉడికించిన గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు పేర్చమని మరదలు సలహా ఇచ్చింది. అమ్మ మాత్రం పులుసుకు మట్టి దాకే కావాలని పట్టుబట్టి కూర్చుంది. రేపు పొద్దున్నే బజారుకెళ్లి తేవాలి. కొత్త దాక కాబట్టి పండగలోపు రెండు రోజులు గంజి పోసి మరిగించాలి.